ఒకే ఫార్ములా – వేరు వేరు పదార్థాలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, ఈ హాస్టల్లో చదివి వెళ్లిన మేము ఒకే మాట అనుకున్నాము. మనవాళ్లు ఏ పాఠానికి ఎక్కువ భయపడతారో దానినే రాయాలని. ఆ పాఠం కర్బన రసాయన శాస్త్రం. అందులోనూ ‘అణుసాదృశ్యం’ దగ్గరకు వచ్చేసరికి చాలామంది పుస్తకం మూసేస్తారు. ఇంగ్లీషు మీడియం వాళ్లు దీనినే ఐసోమరిజం అంటారు. మనలో చాలామంది ఇళ్లలో కెమిస్ట్రీ చదువుతున్న మొదటి మనిషి మనమే. సందేహం వస్తే ఇంటి దగ్గర అడగడానికి ఎవరూ ఉండరు. దాంతో అర్థం కాని దానిని బట్టీ పడతాము. బట్టీ పట్టింది పరీక్షలో కాస్త మార్చి అడిగితే చేతులెత్తేస్తాము. ఈ ఒక్క పాఠం వల్ల బైపీసీ, ఎంపీసీ వదిలేసి వేరే గ్రూపుకు మారాలనుకునే వాళ్లు ఉంటారు. అలా మారనవసరం లేదని చెప్పడమే మా ఉద్దేశం. ఈ పాఠానికి కావలసిన ఉదాహరణలన్నీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పొలాల్లోనూ, కొండల్లోనూ, మన మెస్సులోనూ ఉన్నాయి.

ఒక చిన్న సూచన. ఈ వ్యాసంలో సంకేతాలను కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాము. సి అంటే కార్బన్, హెచ్ అంటే హైడ్రోజన్, ఓ అంటే ఆక్సిజన్, ఎన్ అంటే నైట్రోజన్. నోటుబుక్కులో రాసుకునేటప్పుడు మీ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే రాసుకోండి.

ఫార్ములా ఏమి చెబుతుంది? ఏమి చెప్పదు?

‘తల’ అనే మాటలో రెండు అక్షరాలున్నాయి: త, ల. ‘లత’ అనే మాటలోనూ అవే రెండు అక్షరాలున్నాయి. అక్షరాలను లెక్కపెడితే రెండు మాటలకూ తేడా లేదు. కాని తల వేరు, లత వేరు. అలాగే ‘మర’ వేరు, ‘రమ’ వేరు. అక్షరాలు ఎన్ని ఉన్నాయో తెలిసినంత మాత్రాన మాట తెలిసినట్టు కాదు. అవి ఏ వరుసలో ఉన్నాయో కూడా తెలియాలి.

అణుఫార్ములా కూడా ఇలాంటి లెక్కే. సి₂హెచ్₆ఓ అని రాస్తే, ఒక అణువులో 2 కార్బన్లు, 6 హైడ్రోజన్లు, 1 ఆక్సిజన్ ఉన్నాయని మాత్రమే అర్థం. ఎవరు ఎవరి చేయి పట్టుకున్నారో అందులో ఉండదు. ఒకే అణుఫార్ములా ఉండి, పరమాణువుల అమరిక వేరుగా ఉన్న పదార్థాలను అణుసాదృశ్యకాలు అంటారు. ఈ ధర్మాన్ని అణుసాదృశ్యం అంటారు.

ఇది జరగడానికి కారణం ముఖ్యంగా కార్బనే. కార్బన్‌కు నాలుగు చేతులు. హైడ్రోజన్‌కు ఒకటి, ఆక్సిజన్‌కు రెండు, నైట్రోజన్‌కు సాధారణంగా మూడు. కార్బన్ తన చేతులతో మరో కార్బన్‌ను పట్టుకుంటుంది, అది ఇంకో కార్బన్‌ను పట్టుకుంటుంది. నాలుగు చేతులున్నందువల్ల నిటారుగా గొలుసు కట్టవచ్చు, మధ్యలో కొమ్మ వేయవచ్చు, గుండ్రంగా వలయం కట్టవచ్చు. అందుకే ఒకే లెక్కకు ఎన్నో అమరికలు వస్తాయి.

కాబట్టి ఏ ఫార్ములా చూసినా రెండు ప్రశ్నలు వేసుకోండి. మొదటిది: ఎన్ని? రెండోది: ఎలా? మొదటి ప్రశ్నకు ఫార్ములా జవాబు చెబుతుంది. రెండో ప్రశ్నకు జవాబే ఈ పాఠమంతా.

యూరియా బస్తా చెప్పే చరిత్ర

మన ఊళ్లలో వరి నాటిన తరువాత యూరియా చల్లని రైతు అరుదు. బస్తా మీద నత్రజని 46 శాతం అని రాసి ఉంటుంది. ఆ లెక్క ఎలా వచ్చిందో మనమే చేసి చూడవచ్చు. యూరియా అణుఫార్ములా సిహెచ్₄ఎన్₂ఓ. అణుభారం 12 + 4 + 28 + 16 = 60. ఇందులో నైట్రోజన్ 28. 28ని 60తో భాగించి 100తో గుణిస్తే 46.67. అందుకే ఆ 46.

1828లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ అమ్మోనియం సయనేట్ అనే లవణాన్ని తయారు చేయబోతే, అది మారిపోయి యూరియా వచ్చింది. అంతవరకు యూరియా జంతువుల శరీరంలో మాత్రమే తయారవుతుందని నమ్మేవారు. జీవుల సాయం లేకుండా ప్రయోగశాలలోనే అది వచ్చింది కనుక ఈ ప్రయోగం పేరు పొందింది. పాఠ్యపుస్తకంలో మనం చదివేది ఇంతవరకే. కాని ఇందులో ఇంకో సంగతి ఉంది. అమ్మోనియం సయనేట్ అణుఫార్ములా కూడా సిహెచ్₄ఎన్₂ఓ. దాని భారం కూడా 60. అందులోని నైట్రోజన్ కూడా 46.67 శాతమే. లెక్క ఒక్కటే, పదార్థాలు రెండు. ఒకటి అయాన్లతో ఏర్పడ్డ లవణం. రెండోది కార్బన్ మధ్యలో ఉండి, ఒకవైపు ఆక్సిజన్‌ను, రెండు వైపులా రెండు ఎన్‌హెచ్₂ సమూహాలను పట్టుకున్న అణువు.

అంతకు కొన్నేళ్ల ముందే ఇలాంటి చిక్కు ఒకటి వచ్చింది. వోలర్ సిల్వర్ సయనేట్‌ను, జస్టస్ లీబిగ్ సిల్వర్ ఫల్మినేట్‌ను విశ్లేషించారు. రెండింటిలోనూ వెండి, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ పాళ్లు ఒక్కటే. కాని ఫల్మినేట్ కాస్త తగిలితే పేలిపోయే పదార్థం, సయనేట్ అలా పేలదు. లీబిగ్ మొదట వోలర్ లెక్కలోనే పొరపాటు ఉందనుకున్నాడు. చివరకు ఇద్దరి లెక్కలూ సరైనవేనని తేలింది. ఇద్దరూ ఆ తరువాత జీవితాంతం స్నేహితులుగా ఉన్నారు. 1830లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ ఇటువంటి పదార్థాలకు ‘ఐసోమర్’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో దానికి సమాన భాగాలు కలది అని అర్థం.

గొలుసు మారితే: శృంఖల సాదృశ్యం

మన మెస్సులో వంటగ్యాస్ సిలిండరు ఉంది కదా. అందులో ముఖ్యంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్‌లు. బ్యూటేన్ ఫార్ములా సి₄హెచ్₁₀. దీనిని రెండు రకాలుగా కట్టవచ్చు. నాలుగు కార్బన్లూ ఒకే వరుసలో ఉంటే నార్మల్ బ్యూటేన్. మూడు వరుసలో ఉండి, నాలుగోది మధ్య కార్బన్‌కు కొమ్మలా ఉంటే ఐసోబ్యూటేన్. మొదటిది సుమారు –0.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. రెండోది –12 డిగ్రీల దగ్గరే మరుగుతుంది.

ఇప్పుడు సి₅హెచ్₁₂కు ఎన్ని సాదృశ్యకాలు ఉన్నాయో క్రమంగా చూద్దాం. పరీక్షలో ఈ పద్ధతినే వాడండి.

మొదటి మెట్టు: ఐదు కార్బన్లనూ ఒకే వరుసలో వేయండి. ఇది పెంటేన్.

రెండో మెట్టు: వరుసలో నాలుగే ఉంచి, మిగిలిన ఒక్కదానిని లోపలి కార్బన్‌కు తగిలించండి. రెండో కార్బన్‌కు తగిలిస్తే 2–మిథైల్ బ్యూటేన్. మూడో కార్బన్‌కు తగిలిస్తే కొత్తది రాదు. ఎందుకంటే అవతలి చివర నుంచి లెక్కపెడితే అది రెండోదే అవుతుంది. చివరి కార్బన్‌కు తగిలిస్తే మళ్లీ ఐదు వరుసే అవుతుంది.

మూడో మెట్టు: వరుసలో మూడే ఉంచి, మిగిలిన రెండింటినీ మధ్య కార్బన్‌కు తగిలించండి. ఇది 2,2–డైమిథైల్ ప్రొపేన్.

మొత్తం మూడు. అంతకన్నా రావు. చాలామందికి మార్కులు పోయేది ఇక్కడే. గొలుసును కాగితం మీద వంచి వేసి, అది నాలుగోది అనుకుంటారు. కొడవలిని ఎటు తిప్పి పట్టుకున్నా అదే కొడవలి. గొలుసు వంగినా అదే గొలుసు. ఎవరికి ఎవరు తగిలారన్నది మారితేనే కొత్త పదార్థం.

ఈ మూడింటి మరుగు స్థానాలు వరుసగా సుమారు 36, 28, 9.5 డిగ్రీలు. కొమ్మలు పెరిగిన కొద్దీ మరుగు స్థానం తగ్గింది. ఎందుకు? చెరకు గడలను మోపు కడితే ఒకదానికొకటి పొడవునా ఆనుకుని ఉంటాయి. ఉద్దానం కొబ్బరికాయలను కుప్ప పోస్తే ఒకదానికొకటి అక్కడక్కడ మాత్రమే తగులుతాయి. పొడుగు అణువులు చెరకు గడల్లాంటివి. వాటి మధ్య ఆకర్షణ ఎక్కువ, విడదీయడానికి ఎక్కువ వేడి కావాలి. గుండ్రని అణువులు కొబ్బరికాయల్లాంటివి. తక్కువ వేడికే విడిపోతాయి.

కార్బన్లు పెరిగితే సాదృశ్యకాల సంఖ్య త్వరగా పెరుగుతుంది. హెక్సేన్‌కు 5, హెప్టేన్‌కు 9, ఆక్టేన్‌కు 18, డెకేన్‌కు 75. వీటిని బట్టీ పట్టడం ఎవరివల్లా కాదు. పద్ధతి తెలిస్తే చాలు.

చోటు మారితే, సమూహం మారితే

గొలుసు అదే ఉండి, సమూహం తగిలిన చోటు మారితే దానిని స్థాన సాదృశ్యం అంటారు. మూడు కార్బన్ల గొలుసు తీసుకోండి. ఓహెచ్ సమూహం చివరి కార్బన్ మీద ఉంటే ప్రొపాన్–1–ఓల్, మరుగు స్థానం సుమారు 97 డిగ్రీలు. మధ్య కార్బన్ మీద ఉంటే ప్రొపాన్–2–ఓల్, మరుగు స్థానం సుమారు 82 డిగ్రీలు. ఈ రెండోదే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. 2020లో కరోనా సమయంలో చేతులకు రాసుకున్న శానిటైజర్లలో చాలావాటిలో ఇది ఉండేది.

సమూహమే మారిపోతే దానిని ప్రమేయ సమూహ సాదృశ్యం అంటారు. ముందు చెప్పిన సి₂హెచ్₆ఓ దీనికి మంచి ఉదాహరణ.

సిహెచ్₃–సిహెచ్₂–ఓహెచ్: ఇది ఇథనోల్, అంటే ఆల్కహాల్.

సిహెచ్₃–ఓ–సిహెచ్₃: ఇది డైమిథైల్ ఈథర్.

ఇథనోల్ ద్రవం, 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. డైమిథైల్ ఈథర్ వాయువు, సుమారు –24 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. రెండింటికీ తేడా నూరు డిగ్రీలకు పైనే. కారణం ఓహెచ్ సమూహం. దాని వల్ల ఇథనోల్ అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానినొకటి పట్టుకుంటాయి. ఈథర్‌లో హైడ్రోజన్లన్నీ కార్బన్‌కే తగిలి ఉన్నాయి కనుక ఆ అణువుల మధ్య అలాంటి పట్టు లేదు. సోడియం ముక్క వేస్తే ఇథనోల్ నుంచి హైడ్రోజన్ బుడగలు వస్తాయి, ఈథర్ నుంచి రావు. రెండింటినీ ఎలా గుర్తిస్తారని అడిగితే ఈ పరీక్ష రాయండి.

తేనె సీసాలో రెండు సాదృశ్యకాలు

సీతంపేట, పార్వతీపురం, కురుపాం కొండల్లో మన గిరిజనులు తేనె తీస్తారు. గిరిజన సహకార సంస్థ ఆ తేనెను కొని సీసాల్లో అమ్ముతుంది. తేనెలో ఎక్కువగా ఉండేవి రెండు చక్కెరలు: ఫ్రక్టోజ్, గ్లూకోజ్. రెండింటి ఫార్ములా ఒకటే, సి₆హెచ్₁₂ఓ₆. గొలుసుగా గీసినప్పుడు గ్లూకోజ్ చివర ఆల్డిహైడ్ సమూహం ఉంటుంది. ఫ్రక్టోజ్‌లో రెండో కార్బన్ దగ్గర కీటోన్ సమూహం ఉంటుంది. అంటే ఇవి ప్రమేయ సమూహ సాదృశ్యకాలు.

ఈ చిన్న తేడాకే గుణాలు ఎంత మారాయో చూడండి. ఫ్రక్టోజ్ మనం వాడే పంచదార కంటే తియ్యన. గ్లూకోజ్ పంచదార కంటే చప్పన. ఫ్రక్టోజ్ నీటిలో బాగా కరిగి ఉండిపోతుంది. గ్లూకోజ్ అంతగా కరగదు, చల్లబడితే గడ్డకట్టి అడుగుకు దిగుతుంది. అందుకే చలికాలంలో తేనె సీసా అడుగున తెల్లని పలుకులు కనిపిస్తాయి. అది చూసి పంచదార కలిపారని కొందరు అంటారు. సంతలో తేనె అమ్మే గిరిజనుడిని మోసగాడని కూడా అనేస్తారు. నిజానికి స్వచ్ఛమైన తేనె కూడా ఇలా గడ్డకడుతుంది. గ్లూకోజ్ పాలు ఎక్కువ ఉన్న తేనె ఇంకా త్వరగా గడ్డకడుతుంది. సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచితే మళ్లీ కరుగుతుంది. గడ్డకట్టడాన్ని బట్టి కల్తీ ఉందని గాని, లేదని గాని చెప్పలేము. ఆ సంగతి ప్రయోగశాలలోనే తేలుతుంది. ఈ పాఠం చదివిన వాళ్లు సంతలో ఆ మాట విన్నప్పుడు ఊరుకోకూడదు.

పరీక్ష కోసం ఒక మాట. ఫెలింగ్ ద్రావణంతో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ ఇటుక రంగు అవక్షేపం ఇస్తాయి. కాబట్టి ఆ పరీక్షతో వీటిని విడదీయలేము. బ్రోమిన్ నీటి రంగును గ్లూకోజ్ పోగొడుతుంది, ఫ్రక్టోజ్ పోగొట్టదు. ఇదే తేడా చూపే పరీక్ష.

బెల్లం పాకం ఎందుకు సాగుతుంది?

సంకిలి, భీమసింగి, ఆమదాలవలస పేర్లు మన జిల్లాల చెరకు రైతుల పిల్లలకు కొత్తవి కావు. చెరకు రసంలోని చక్కెర సుక్రోజ్, ఫార్ములా సి₁₂హెచ్₂₂ఓ₁₁. ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ కలిసి, ఒక నీటి అణువు పోతే సుక్రోజ్ వస్తుంది. పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. దాని ఫార్ములా కూడా సి₁₂హెచ్₂₂ఓ₁₁. కాని అందులో గ్లూకోజ్‌తో పాటు ఉన్నది గెలాక్టోజ్. అందుకే పాలు పంచదారంత తియ్యగా ఉండవు. వార్షికోత్సవం రోజున మనం తినే పాయసంలో ఈ రెండు సాదృశ్యకాలూ కలిసే ఉంటాయి.

చెరకు కోసి రోజుల తరబడి ఎండలో వదిలేస్తే గడలోనే సుక్రోజ్ నీటితో కలిసి, విడిపోయి మళ్లీ గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. ఈ రెండు చక్కెరలూ ఎక్కువైన రసం నుంచి పలుకు సరిగా కట్టదు. అలాంటి రసంతో వండిన బెల్లం గట్టిపడదు, జిగురుగా సాగుతుంది, వానాకాలం చెమ్మ పట్టి కారుతుంది. ధర తగ్గుతుంది. రసం పులుపెక్కితే ఈ విడిపోవడం ఇంకా త్వరగా జరుగుతుంది. పెనంలో రసానికి సున్నపు తేట కలిపేది మురికి తేలడానికే కాదు, ఆ పులుపును విరవడానికి కూడా. కోసిన చెరకును వెంటనే గానుగకు తోలాలని పెద్దవాళ్లు తొందరపెట్టడంలో ఉన్న రసాయన శాస్త్రం ఇదే. ఫ్యాక్టరీ గేటు దగ్గర బళ్లు ఆగిపోతే రైతు నష్టపోయేది కూడా ఇందుకే.

గింజ మనకు, గడ్డి ఎద్దుకు

వరి చేను కోస్తే గింజ మనకు, గడ్డి పశువుకు. గింజలో ఉన్నది పిండి పదార్థం. గడ్డిలో ఎక్కువగా ఉన్నది సెల్యులోజ్. రెండూ గ్లూకోజ్‌ల గొలుసులే. రెండింటికీ ఒకే ఫార్ములా రాస్తాము: (సి₆హెచ్₁₀ఓ₅)ఎన్. ఇక్కడ చివరి ఎన్ అంటే నైట్రోజన్ కాదు, ఎన్నిసార్లు అనే సంఖ్య. ఆ సంఖ్య ఒక్కో గొలుసుకు ఒక్కోలా ఉంటుంది కనుక వీటిని ఖచ్చితంగా సాదృశ్యకాలు అనకూడదు. కాని వీటి మూలంలో సాదృశ్యకాలు ఉన్నాయి. గ్లూకోజ్ వలయంగా మారినప్పుడు మొదటి కార్బన్ మీది ఓహెచ్ కిందికి ఉంటే ఆల్ఫా, పైకి ఉంటే బీటా. ఆల్ఫా గ్లూకోజ్‌లు చేతులు కలిపితే పిండి పదార్థం. బీటా గ్లూకోజ్‌లు చేతులు కలిపితే సెల్యులోజ్.

మన ఉమ్మిలో ఉన్న అమైలేజ్ అనే ఎంజైమ్ ఆల్ఫా బంధాన్ని తెంచుతుంది. అందుకే అన్నాన్ని బాగా నమిలితే తియ్యగా అనిపిస్తుంది. బీటా బంధాన్ని తెంచే ఎంజైమ్ మనిషికి లేదు. ఆవు, ఎద్దు, గేదెల పొట్టలో ఉండే సూక్ష్మజీవులకు ఉంది. ఒక్క ఓహెచ్ కిందికి ఉందా, పైకి ఉందా అన్న దానిని బట్టి అది మనిషి కంచంలోకి వెళ్లాలా, పశువుల దాణాలోకి వెళ్లాలా అన్నది తేలుతుంది.

గోగునారలోనూ ముఖ్యంగా ఉండేది సెల్యులోజే. గోగు పంటకు మన రెండు జిల్లాలు పేరుపొందినవి. ఆ పంట మీద పరిశోధన చేసే వ్యవసాయ కేంద్రం ఆమదాలవలసలో ఉంది. నెల్లిమర్ల వంటి చోట్ల నార మిల్లులు వెలిశాయి. గోనెసంచిలో బియ్యం ఉన్నాయంటే, బీటా గ్లూకోజ్ సంచిలో ఆల్ఫా గ్లూకోజ్ ఉన్నట్టే.

నూనె ఒకటే, వంకర వేరు

అణువులో ఎవరికి ఎవరు తగిలారన్నది మారకుండా, అవి ఉన్న దిక్కు మాత్రం మారితే దానిని ప్రాదేశిక సాదృశ్యం అంటారు. ఇందులో రెండు రకాలు.

మొదటిది జ్యామితీయ సాదృశ్యం. రెండు కార్బన్ల మధ్య ద్విబంధం ఉంటే అది తిరగదు. దానికి తగిలిన పెద్ద సమూహాలు రెండూ ఒకే పక్కన ఉంటే సిస్, ఎదురెదురు పక్కల ఉంటే ట్రాన్స్. వేరుశెనగ నూనెలోనూ, నువ్వుల నూనెలోనూ ఉన్న ఒలియిక్ ఆమ్లం సిస్ రకం. దాని గొలుసు వంకరగా ఉంటుంది, సుమారు 13 డిగ్రీలకే కరుగుతుంది. దాని ట్రాన్స్ సాదృశ్యకం ఎలాయిడిక్ ఆమ్లం. దాని గొలుసు దాదాపు నిటారుగా ఉంటుంది, కరగడానికి సుమారు 45 డిగ్రీలు కావాలి. రెండింటి ఫార్ములా సి₁₈హెచ్₃₄ఓ₂. నూనెను వనస్పతిగా మార్చేటప్పుడు కొంత భాగం ఇలా ట్రాన్స్‌గా మారవచ్చు. ట్రాన్స్ కొవ్వులు గుండె జబ్బులకు దారితీస్తాయని తేలడంతో, 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో అవి 2 శాతానికి మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది.

చింతపండు, అద్దం, క్షయ మందు

రెండోది దృక్ సాదృశ్యం. మీ కుడి చేతిని అద్దం ముందు పెట్టండి. అద్దంలో కనిపించేది ఎడమ చేయి. రెండు చేతులకూ ఐదేసి వేళ్లే. కాని ఎడమ కాలి చెప్పు కుడి కాలికి పట్టనట్టే, ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవు. కార్బన్ నాలుగు చేతులకూ నాలుగు వేరు వేరు సమూహాలు తగిలితే, అలాంటి అణువుకు అద్దంలో ప్రతిబింబం వంటి సాదృశ్యకం ఉంటుంది.

దీనిని మొదట గుర్తించినది లూయీ పాశ్చర్, 1848లో. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు. ఆయన పరిశీలించినది టార్టారిక్ ఆమ్లపు లవణాలు. మన చింతపండు పులుపుకు ముఖ్య కారణం ఈ టార్టారిక్ ఆమ్లమే. పాశ్చర్ ఆ స్ఫటికాలను భూతద్దం కింద చూసి, కుడి రకం, ఎడమ రకం ఉన్నాయని గమనించి, పట్టకారుతో ఒక్కొక్కటిగా ఏరి వేరు చేశాడు. ఒక కుప్పను నీటిలో కరిగిస్తే ధ్రువణ కాంతిని కుడివైపు తిప్పింది. రెండోది అంతే మేర ఎడమవైపు తిప్పింది. 1874లో వాంట్ హాఫ్, లె బెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కార్బన్ నాలుగు చేతులూ నాలుగు దిక్కులకు చాచి ఉంటాయని చెప్పి దీనికి కారణం వివరించారు.

ఇది మనకెందుకు? క్షయ జబ్బు మన ఊళ్లకు కొత్త కాదు. దానికి ఇచ్చే నాలుగు ముఖ్యమైన మందుల్లో ఇథాంబ్యుటాల్ ఒకటి. ఈ అణువుకు కూడా అద్దం బొమ్మ ఉంది. ఒక రకం క్షయ క్రిములను అరికడుతుంది. దాని అద్దం బొమ్మకు ఆ శక్తి లేదనే చెప్పాలి. అందుకే మాత్రలో పనిచేసే రకాన్నే వాడతారు. ఈ మందు 1961లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బయటపడింది. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు, 1948లో చనిపోయేనాటికి ఆ ప్రయోగశాల పరిశోధనలకు సారథి. ఈ మందు వాడే వారికి చూపులోగాని, రంగులు గుర్తించడంలోగాని తేడా వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. మీ ఇళ్లలో ఎవరైనా వాడుతుంటే ఈ మాట వారికి చెప్పండి.

అభ్యాసం

1. సి₄హెచ్₁₀ఓకు ఎన్ని నిర్మాణ సాదృశ్యకాలు ఉన్నాయి?
జవాబు: ఏడు. ఆల్కహాల్‌లు నాలుగు: బ్యూటాన్–1–ఓల్, బ్యూటాన్–2–ఓల్, 2–మిథైల్ ప్రొపాన్–1–ఓల్, 2–మిథైల్ ప్రొపాన్–2–ఓల్. ఈథర్లు మూడు: ఇథాక్సీ ఇథేన్, 1–మిథాక్సీ ప్రొపేన్, 2–మిథాక్సీ ప్రొపేన్. జవాబు చూడకముందు గీసి చూడండి.

2. పై ఏడింటిలో దృక్ సాదృశ్యం చూపేది ఏది?
జవాబు: బ్యూటాన్–2–ఓల్. దాని రెండో కార్బన్‌కు హెచ్, ఓహెచ్, మిథైల్, ఇథైల్ అనే నాలుగు వేరు వేరు సమూహాలున్నాయి.

3. పై మూడు ఈథర్లలో ఆక్సిజన్‌కు రెండు పక్కలా ఉన్న సమూహాలు మారాయి. ఈ సాదృశ్యాన్ని ఏమంటారు?
జవాబు: మెటామెరిజం.

4. గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లను వేరు చేసే పరీక్ష ఏది?
జవాబు: బ్రోమిన్ నీటి పరీక్ష.

రాత్రి స్టడీ అవర్‌లో నలుగురు కలిసి కూర్చోండి. ఒకరు ఫార్ములా చెప్పండి, మిగతా ముగ్గురూ విడివిడిగా అమరికలు గీయండి. తరువాత ముగ్గురి కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఒకే గొలుసు రెండుసార్లు వచ్చిందేమో చూడండి. అగ్గిపుల్లలు, తడి మట్టి ఉండలు ఉంటే ఇంకా మంచిది. మట్టి ఉండ కార్బన్, దానికి నాలుగు పుల్లలు. వారం రోజులు ఇలా చేస్తే ‘ఎన్ని’ తరువాత ‘ఎలా’ అని అడగడం మీకే అలవాటవుతుంది. అర్థం కానిది ఏదైనా ఉంటే మీ సైన్సు మాస్టారిని అడగండి, వార్షికోత్సవానికి వచ్చే మమ్మల్ని అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు.

పరీక్షలు రాయబోయే మీ అందరికీ మా శుభాకాంక్షలు.